మీ అమ్మకి చెప్పు

“హాల్యా, మీ అమ్మకి చెప్పు. కాఫీ చల్లారిపోయింది.”

దార్యా కాఫీ కెటిల్ పట్టుకుని అతని కుర్చీకి మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఆమెకు చెవుడు లేదు. మాట వినబడిందని ఒరెస్ట్‌కి తెలుసు. తెలిసే అన్నాడు. పదిహేనేళ్ళ హాల్యా నోట్లో రొట్టె ముక్క అలాగే ఉంచుకుని, “అమ్మా, నాన్నకి కొంచెం వేడి కాఫీ” అంది. దార్యా పోసింది. ఒరెస్ట్ తాగాడు. మూతి తుడుచుకుని, టోపీ పెట్టుకుని, కోత మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు. తలుపు వేయలేదు. అదీ దార్యానే వేసింది.

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల సంభాషణ అంటే అదే. ఎలా మొదలైందో దార్యాకి బాగా గుర్తుంది. హాల్యాకి ఇంకా బూట్ల తాడు కట్టుకోవడం రాని రోజుల్లో, ఊళ్ళో బడి వంటగదిలోకి మనిషి కావాలంటే తను వెళ్తానంది. “కోవల్ ఇంటి కోడలు ఊరి పిల్లలకి సూపు పొయ్యడానికి పోతుందా?” అన్నాడు ఒరెస్ట్. “ఇంట్లో మీ అందరికీ పోస్తూనే ఉన్నాగా. అక్కడైతే జీతమిస్తారు” అంది దార్యా. అత్తగారు పరాస్కా ఆ పక్కనే కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. తల్లి ముందు ఎదురు చెప్పిందని ఒరెస్ట్ ఆ పూటతో మాట మానేశాడు. దార్యా ఆ ఉద్యోగానికి వెళ్ళలేదు. అతను మాత్రం మాట మొదలుపెట్టలేదు. మొదట్లో ఆమె ఏడ్చింది, బతిమాలింది, తప్పయిపోయిందంది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. తర్వాత ఆమెకీ రోషం వచ్చింది. “మీ నాన్నకి చెప్పు, తిండి పొయ్యి మీద ఉంది, పొయ్యి ఎక్కడుందో తెలిస్తే పెట్టుకోమను” అని పిల్ల చేతే కబురు పంపడం తనూ నేర్చుకుంది. మగవాడు మాట్లాడకపోతే దాన్ని పెద్దరికం అంటారు. ఆడది మాట్లాడకపోతే పొగరంటారు. ఆ ఇంట్లో రెండూ ఉన్నాయి. రెంటి మధ్యా ఒక పిల్ల ఉంది.

కోతల రోజుల్లో దార్యా పని ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చూసింది లేదు. కోళ్ళకి మేత, తోటలో దోసకాయలు, ఊరగాయ జాడీలు, ఉతుకుడు. అవి అయ్యాక గోధుమ లారీ. కోసి, నూర్చి గింజలు పట్టుకునే కోత మిషన్ ఒరెస్ట్ నడుపుతాడు. అది నిండగానే గింజల బండిని ట్రాక్టరుతో హాల్యా పక్కకి లాక్కొచ్చి పట్టుకుంటుంది. ఆ బండి లోంచి గింజలు దార్యా లారీలో పడతాయి. లారీని ఇంటికి తోలుకొచ్చి గాదెలకెత్తేది దార్యా. మధ్యలో సాయంత్రపు భోజనం వండి, గిన్నెలను దుప్పట్లలో చుట్టి, వేడి చల్లారకుండా పొలానికి మోసుకెళ్ళేదీ ఆమే. క్యాబేజీ ఆకుల్లో అన్నం, మాంసం చుట్టి ఉడికించిన హోలుబ్చీ, ఎర్రటి బోర్ష్ పులుసు, సోయకూర వేసి ఊరబెట్టిన దోసకాయలు. లారీ వెనక తలుపు దించితే అదే బల్ల. తిన్నవాళ్ళు గిన్నెలు కోసిన చేలో కొయ్యకాళ్ళ మీద వదిలేసి వెళ్తారు. ఇంతా జరిగాక, ఆదివారం చర్చి మెట్ల మీద ఆ చుట్టుపక్కల జనం అనే మాట ఒకటే: “ఒరెస్ట్ ఒంటి చేత్తో అంత సేద్యం ఎలా లాక్కొస్తున్నాడో!” దార్యా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు కూడా ఆ ఇంటి పనుల్లో ఒకటి.

మరి దార్యా ఆ ఇంట్లో ఎందుకుంది అంటే, మాటలే కారణం. ఎదురుగా ఉన్నప్పుడు ఒరెస్ట్ నోట మంచి మాట రాదు. కానీ చాటున వస్తుంది. షెడ్డులో ఉన్నప్పుడో, పొలంలో ఉన్నప్పుడో హాల్యాతో అంటాడు. పిల్ల పరుగెత్తుకొచ్చి చెబుతుంది. “అమ్మా, ఆ నీలం జాకెట్ నీకు బాగుందని నాన్న అన్నాడు.” “అమ్మా, నీకు జలుబుగా ఉందిగా, రేపు పొద్దున లేవొద్దన్నాడు. కోళ్ళ సంగతి తను చూసుకుంటాడట.” మర్నాడు నిజంగానే కోళ్ళకి మేత పడి ఉండేది, గుడ్లు బుట్టలో ఉండేవి. ఒకసారి దార్యా అక్క యార్క్‌టన్ పట్నం నుంచి వచ్చి, “వచ్చెయ్యవే, నా ఇంట్లో గదుంది. ఆ మొద్దు మొహం చూస్తూ ఎన్నాళ్ళుంటావు?” అంది. దార్యా ఆ రాత్రంతా ఆలోచించింది. తెల్లవారి హాల్యా వచ్చి, “అమ్మా, నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఇల్లులా ఉండదని నాన్న అన్నాడు” అని చెవిలో చెప్పింది. దార్యా అక్కని ఒంటరిగా బస్సెక్కించింది. “నీకు తెలీదే. లోపల మంచివాడు. మొహం మీద చెప్పలేడు, అంతే” అంది. అక్క బస్సు కిటికీ లోంచి చెల్లెలి కేసి చూస్తూ వెళ్ళిపోయింది.

ఆ మధ్య హాల్యాకి కడుపునొప్పి పట్టుకుంది. బడిలో, ఇంట్లో, ట్రాక్టరు మీద ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని వంగిపోయేది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడు. “ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అమ్మా?” అని అడిగాడు. “మా ఇంట్లో గొడవలా? గట్టిగా ఒక మాట కూడా ఉండదు” అంది దార్యా. అబద్ధం చెప్పలేదు. క్లాసు పిల్లలంతా కలిసి వారం రోజులు సాస్కటూన్ నగరానికి వెళ్తున్నారంటే హాల్యా రానంది. టీచరు ఇంటికి ఫోన్ చేసింది. “ఇంత తెలివైన పిల్ల, ఇంటి గడప దాటమంటే మొహం పాలిపోతోందేమిటండీ?” అంది.

కాఫీ చల్లారిన ఆ రోజు మధ్యాహ్నం, పక్క పొలం వాసిల్ లారీ ఇరుసు విరిగింది. వాసిల్ ఒరెస్ట్‌కి చిన్నప్పటి స్నేహితుడు, మాటకారి. దార్యా గాదె దగ్గర లారీ ఖాళీ చేస్తుంటే వచ్చాడు.

“వదినా, నీకు పుణ్యముంటుంది. మావి కూడా రెండు లోడ్లు లాగాలి. పిలవడానికి వీలుగా నా పాత రేడియో నీ లారీలో పెట్టేస్తాను.”

“వద్దు వాసిల్. లారీకి రేడియో ఎందుకంటాడు ఆయన. పిల్ల ఉందిగా అంటాడు.”

“అంటాడు, అంటాడు. వాడు అనేవన్నీ మేం వింటూనే ఉన్నాం.” వాసిల్ ఆమె మొహం చూడకుండా తీగలు కలిపాడు. “ఈ బటన్ నొక్కితే నువ్వు మాట్లాడొచ్చు. నొక్కకపోతే వినొచ్చు. నొక్కకుండా కాస్సేపు విను వదినా.”

వాసిల్ మంచివాడే. ఆ రేడియో ఆమెకివ్వడానికి మంచివాడికి ఇన్నేళ్ళు పట్టింది.

రేడియోలు ఆ పొలాల్లో అందరికీ ఉన్నవే. ఒరెస్ట్ మిషన్‌లో ఒకటి, హాల్యా ట్రాక్టర్లో ఒకటి. ఒకరు మాట్లాడితే చుట్టూ ఉన్న సేద్యగాళ్ళందరికీ వినిపిస్తుంది. లేనిది దార్యా ఒక్కదానికే. ఆమె లారీని పొలం దారి పట్టించింది. పడమట మబ్బు నల్లగా పేరుకుంటోంది. రేడియో గరగరమంది. ఒరెస్ట్ గొంతు. ఎంత దగ్గరగా ఉందంటే దార్యా ఉలిక్కిపడి పక్క సీటు వైపు చూసింది.

“హాల్యా, మీ అమ్మ ఎక్కడ చచ్చింది? గాదె నీడలో పడి నిద్రపోతోందేమో. లారీ తోలడం చేతకాకపోతే వాళ్ళక్క కొంపకి పోయి కూర్చోమను. పీడా పోతుంది.”

“సరే నాన్నా” అంది హాల్యా గొంతు.

దార్యా లారీని పొలం మొదట్లో నిలిపింది. గింజల బండి దుమ్ము రేపుకుంటూ వచ్చి పక్కన ఆగింది. గింజలు లారీలోకి జలజలా పడుతుంటే హాల్యా ట్రాక్టరు తలుపు తీసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అరిచింది.

“అమ్మా! నువ్వు తిన్నావా అని నాన్న అడిగాడు! తొందరేం లేదట! మబ్బు వస్తోంది కదా, జాగ్రత్తగా తోలమన్నాడు!”

పిల్ల మొహంలో నవ్వుంది. ఎక్కడా తొణకలేదు, బెణకలేదు. దార్యా నోరు పెగల్చుకుని, “తిన్నానని చెప్పు” అంది. ట్రాక్టరు వెళ్ళిపోయింది. మళ్ళీ రేడియో పలికింది.

“నాన్నా, అమ్మ వచ్చేసింది. టైరులో గాలి తక్కువై ఆలస్యమైందట. సారీ చెప్పమంది.”

“దాని సారీ ఎవడికి కావాలి?” అన్నాడు ఒరెస్ట్.

దార్యా స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది. తను సారీ చెప్పలేదు. అతను తిన్నావా అని అడగలేదు. నీలం జాకెట్ బాగుందని ఎవరన్నారు? జలుబు చేసినప్పుడు కోళ్ళకి మేత వేసిందెవరు? ఆ పొద్దున హాల్యా బూట్లు గుమ్మం దగ్గర తడిగా ఉండడం తను చూసింది. బూట్లు తుడిచి పొయ్యి దగ్గర ఆరబెట్టింది కూడా. అప్పుడూ అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఇష్టం లేక కాలేదేమో. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. ఆ ఒక్క మాట పట్టుకుని తను అక్కని బస్సెక్కించింది. ఆ మాట మీదే ఇన్ని చలికాలాలు వెళ్ళదీసింది. దాన్ని అన్నది ఒరెస్ట్ కాదు. తల్లి పెట్టె సర్దుకుంటుందేమోనని రాత్రంతా నిద్రపోని ఒక పిల్ల. దార్యా ఇన్నాళ్ళూ ఎవరితో కాపురం చేసిందో ఆ మొగుడు ఈ భూమ్మీద లేడు. హాల్యా తయారుచేసింది అతన్ని. తండ్రి ఉమ్మేసిన మాటల్ని ఏరి, కడిగి, తల్లికి తినిపించింది. మరి తన మాటలు? పొయ్యి ఎక్కడుందో తెలిస్తే పెట్టుకోమను. బతికే ఉన్నానని చెప్పు. తను విసిరినవన్నీ ఆ పిల్ల ఏం చేసింది? వాటినీ కడిగింది. అటు తీసుకెళ్ళి పెట్టింది. అటువైపు మనిషి మాత్రం ముట్టుకోలేదు. రెండు పక్కలా మోసీ మోసీ దాని పొట్ట నొప్పెట్టదా? ఊరంతా వింటోంది ఇన్నాళ్ళూ. చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు తన చెయ్యి ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకునేవారు. అభిమానం అనుకుంది.

ఇంటికి వచ్చి గాదె దగ్గర లారీ ఆపేసరికి అత్తగారు పరాస్కా కర్ర ఊతంగా నిలబడి ఉంది. ఆవిడ అదే ప్రాంగణంలో చిన్న ఇంట్లో ఉంటుంది. కోవల్‌ల ఇంట్లో విడాకులనే మాట ఏ భాషలోనూ లేదని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

“మొహమేంటే అలా ఉంది?”

“అత్తయ్యా, ఒరెస్ట్ చిన్నప్పుడు మీరూ మామయ్యా మాట్లాడుకునేవారా?”

పరాస్కా ముందు నవ్వింది. “ఎక్కడ? ఆయన మొండి, నేను జగమొండి. ఏళ్ళ తరబడి మాటల్లేవు. అయినా కొంప నిలబడలేదా? ఒరెస్ట్ అటూ ఇటూ చెప్పేవాడు. ఎంత తెలివో వాడిది! ఒక్క ముక్క పొల్లు పోనిచ్చేవాడు కాదు. ఆయన ‘ఆ ముండ’ అంటే, వచ్చి ‘ముండ’ అనే చెప్పేవాడు. రాగాలతో సహా.”

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. దార్యాకి నిక్కరు వేసుకున్న ఒక పిల్లాడు కనిపించాడు. వంటింటికీ గొడ్ల చావిడికీ మధ్య పరుగెత్తుతూ, నోటి నిండా తిట్లు మోస్తూ, ఒక్కటీ కింద పడకుండా చూసుకుంటూ. ఆ పిల్లాడి మీద జాలి పడాల్సిందే. దార్యా పడింది కూడా. కానీ వాడి మీద జాలి పడడం వేరు, వాడికి తన కూతుర్ని అప్పగించడం వేరు. అదే ఇంట్లో, అదే పనికి పెట్టిన ఇద్దరు పిల్లలు. ఒకడు విన్నది విన్నట్టు మోసి మనిషంతా చేదయ్యాడు. ఒకతె చేదంతా తను మింగి తీపి పంచింది. వాడికి ఆ చేదు అలవాటైపోయింది. దీనికి కడుపునొప్పి.

దార్యా గింజలు గాదెకెత్తింది. పని మధ్యలో వదలడం ఆమెకి చేతకాదు. తర్వాత లారీ ఎక్కి పొలం దారిలో, రెండు పొలాలూ చీలే చోట నిలిపింది. ఎడమ చేతి పక్క మెట్ట పొలం, అందులో సగం కోత అయింది. కుడి పక్క చెరువు పల్లం, అక్కడ కోసి ఆరేసిన గోధుమ వరుసలు, మిషన్ ఎత్తి నూర్చాల్సినవి, నేల మీద పడి ఉన్నాయి. వాన పడితే అవి మొలకెత్తిపోతాయి. మెట్టలో మిషన్ నిండింది, గింజల బండీ నిండింది. లారీ మెట్టకి వస్తే అక్కడి కోతే సాగుతుంది, పల్లానికి పోతే మిషనూ బండీ కూడా అటే కదులుతాయి. ఏది ముందు తేల్చాలో, లారీ ఎటు రావాలో ఒరెస్ట్ చెప్పాలి.

“హాల్యా, మీ అమ్మకి చెప్పు...” అని మొదలైంది రేడియో.

దార్యా బటన్ నొక్కింది.

“ఒరెస్ట్, నేను దార్యాని. లారీలో రేడియో ఉంది. ఎటు రావాలో నాకు చెప్పు, వస్తాను. ఇవాళ్టి నుంచి నాతో చెప్పాల్సింది నాతోనే చెప్పు. నీతో చెప్పాల్సింది నేనూ నీతోనే చెబుతాను. హాల్యా ఇక ఒక్క మాట కూడా మొయ్యదు.”

చుట్టుపక్కల పొలాల్లో అప్పటిదాకా అరుచుకుంటున్నవాళ్ళంతా నోరు మూసుకున్నారు. గాలి లేచింది. కాసేపటికి ఒరెస్ట్ గొంతు, అరవకుండా, మామూలుగా:

“హాల్యా, ఆ రేడియో ఎవడు పెట్టాడో కనుక్కో.”

“హాల్యా, నువ్వు పలకొద్దు తల్లీ” అంది దార్యా. “పెట్టింది వాసిల్. ఒరెస్ట్, మెట్టకి రానా, పల్లానికి రానా?”

మిషన్ నెత్తి మీద పసుపు దీపం తిరుగుతోంది, నిండిపోయానని. ఇంకో మూడు పొలాల అవతల ఎవరో మిషన్ వేగం పెంచారు. వానకి ముందు నాలుగు బస్తాలైనా దక్కించుకోవాలని అందరికీ ఆరాటమే. ఒరెస్ట్ మిషన్ మాత్రం నిలబడిపోయింది.

“వాసిల్” అన్నాడు ఒరెస్ట్. “దానికి చెప్పు...”

“నేను చెప్పను” అన్నాడు వాసిల్. “నా పెళ్ళాంతో మాట్లాడేసరికే నా ప్రాణం మీదకొస్తోంది. నీ పెళ్ళాంతో కూడా నేనేనా? మబ్బు నెత్తిమీదకొచ్చిందిరా! మెట్ట అను, పల్లం అను. ఒక్క మాటేగా, చావు!”

ఒక్క మాట. అది కూడా క్షమించమని కాదు, ప్రేమిస్తున్నానని కాదు. ఎడమా కుడా అని. ఏడాది పొడుగునా చేసిన సేద్యం నేల మీద పరిచి ఉంది. దార్యా బటన్ మీద వేలు పెట్టుకుని ఎదురుచూసింది. ఇంకా, ఇప్పటికీ, ఆమెలో ఒక మూల ఆశ ఉంది. ఆ మూలని ఆమె తర్వాత చాలాకాలం క్షమించలేదు. మిషన్ గాజు గదిలో కూర్చున్న ఒరెస్ట్ టోపీ దూరం నుంచి కనిపిస్తూనే ఉంది. అది కదల్లేదు. ముందు పెద్ద పెద్ద చినుకులు నాలుగు అద్దం మీద పడ్డాయి. తర్వాత పొలం కనిపించలేదు. అతను గోధుమని వానకి ఇచ్చాడు గాని ఆమెకి ఒక్క మాట ఇవ్వలేదు.

హాల్యా ట్రాక్టరు దిగి, వానలో పరుగెత్తుకొచ్చి లారీ ఎక్కింది. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. తల్లి వైపు చూడలేదు.

“ఎప్పట్నుంచి వింటున్నావమ్మా?”

“మధ్యాహ్నం నుంచి. నువ్వు ఎప్పట్నుంచి మారుస్తున్నావ్?”

“నాకు చదవడం రాకముందు నుంచి” అంది హాల్యా. “మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని. నువ్వు ఏడ్చేదానివి. అందుకని కొంచెం మార్చా. నువ్వు పాట పాడుకుంటూ పిండి కలిపావు. ఆ తర్వాత మానలేకపోయా.”

వాన పైకప్పు మీద చప్పుడు చేస్తోంది. దార్యా తన స్వెట్టర్ తీసి పిల్ల తల తుడిచింది.

“ఒక్కసారైనా, నిజంగా, ఏదైనా మంచి మాట అన్నాడా?”

హాల్యా ఆలోచించింది. అబద్ధం చెప్పకుండా ఉండడం ఆ పిల్లకి కొత్త. నుదురు ముడిపడింది.

“ఒకసారి బోర్ష్ చాలా బాగుందన్నాడు. కానీ అది నాన్నమ్మ చేసిందనుకున్నాడు.”

దార్యాకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది. హాల్యా బిత్తరపోయి చూసి, తనూ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు మధ్యలోనే వెక్కి వెక్కి ఏడ్చింది. “సాస్కటూన్ వెళ్ళాలని నాకూ ఉందమ్మా. నేను వెళ్తే మీకిద్దరికీ ఎవరు చెప్తారు? వారం రోజులు! ఆయన ఏదో అంటాడు, నువ్వు వింటావు, నువ్వు ఏదో అంటావు... వచ్చేసరికి ఎవరూ ఉండరేమోనని.” పొట్ట పట్టుకుని ముందుకి వంగింది. దార్యా ఆ పొట్ట మీద తన చెయ్యి వేసింది. గట్టిగా, రాయిలా ఉంది. ఏ పరీక్షలోనూ డాక్టరుకి దొరకనిది ఆమె అరచేతికి దొరికింది.

“ఇక నువ్వు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు” అంది. “సాస్కటూన్ వెళ్ళు. వచ్చేసరికి నేనుంటాను. ఈ ఇంట్లో కాదు. కానీ ఉంటాను.”

అలా అన్నాక ఆమెకే తెలిసింది, తను నిర్ణయించుకున్నానని.

పోట్లాటేం జరగలేదు. దార్యా మిగిలిన కోతలకి కూడా లారీ తోలింది. తనూ పెంచిన పంటే అది. నేల గడ్డకట్టే లోపల ఊళ్ళో బడి వెనక రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుంది. ఏళ్ళ క్రితం వదులుకున్న వంటగది ఉద్యోగమే మళ్ళీ అడిగితే ఇచ్చారు. తను వెళ్తున్న సంగతి ఒరెస్ట్‌కి ఎదురుగా నిలబడి చెప్పింది. అతను కిటికీ వైపు చూస్తూ విన్నాడు. సామాను ఎక్కిస్తున్న రోజున పరాస్కా కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

“నిలువునా ఉన్న ఇల్లు విరగ్గొట్టి పోతున్నావే.”

“ఎప్పుడో విరిగింది అత్తయ్యా. పిల్ల చేత్తో ఎత్తిపట్టుకుని నిలబెట్టింది. దాని చేతులు నొప్పెడుతున్నాయి.”

పరాస్కా ఏమనుకుందో తెలియదు. లారీ కదిలేముందు ఒక జాడీ ఊరగాయ తెచ్చి హాల్యా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

ఊరు అనాల్సినవన్నీ అంది. చర్చి మెట్ల మీద చేతులు పట్టుకోవడం మానేశారు. పిల్ల దెబ్బతింటుందన్నారు. తండ్రి లేని ఇంట్లో పెరిగిన పిల్లలు ఏమవుతారో లెక్కలు తీసి చెప్పారు. ఆ పెద్దమనుషులే ఇన్నేళ్ళూ రేడియోలో ఆ పిల్ల అబద్ధాలు వింటూ కోతలు కోసుకున్నారు. ఒక్కడికీ అప్పుడు దెబ్బ కనిపించలేదు. దార్యా పొద్దున్నే వెళ్ళి ఊరి పిల్లలకి సూపు కాచింది. హాల్యా సాస్కటూన్ వెళ్ళొచ్చి, మూడు రోజులు ఆగకుండా ఆ కబుర్లే చెప్పింది. కడుపునొప్పి వెంటనే పోలేదు. కొన్నాళ్ళు ఎవరు గొంతు పెంచినా పొట్ట మీదకి చెయ్యి వెళ్ళేది. తర్వాత్తర్వాత ఆ చెయ్యి వెళ్ళడం మరిచిపోయింది. మొదటిసారి ఆ పిల్ల తల్లి మీద కోపంతో తలుపు ధడాలున వేసిన రోజున దార్యా వంటింట్లో నిలబడి సంతోషంతో కళ్ళు తుడుచుకుంది. తన కోపం తను పడుతోంది కదా, ఎవరిదో కాదు.

మంచు బాగా పడ్డాక ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. దార్యా తీసింది. ఒరెస్ట్. టోపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు. భుజాల మీద మంచు. అలవాటు కొద్దీ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు, ఎవరితో చెప్పించాలా అని. ముందు గదిలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూశాడు. వీధిలోనూ ఎవరూ లేరు. దార్యా తలుపు పట్టుకుని నిలబడింది. సాయం చేయలేదు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒకే కప్పు కింద ఉన్నన్నాళ్ళు అవసరం పడని పని ఇప్పుడు పడింది అతనికి. గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లు.

“దార్యా.”

“చెప్పు.”

“ఆదివారం... పిల్లని పంపిస్తావా?”

“దానికి రావాలని ఉందో లేదో అడుగుతాను. వస్తే మధ్యాహ్నం భోజనానికి వస్తుంది. చీకటి పడకముందే దింపు.”

“దింపుతా.” ఇంకేదో ఉంది. టోపీ తిప్పాడు. “రోడ్డు బాలేదు. నెమ్మదిగా తోలతా.”

“సరే” అంది దార్యా.

లోపలి గదిలో హాల్యా మంచం మీద నుంచి లేచి గుమ్మం దాకా వచ్చింది. గొంతులు వింది. ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. ఒకరు అడుగుతున్నారు, ఒకరు చెబుతున్నారు. కాసేపు నిలబడింది. ఆ తర్వాత, అది తను మొయ్యాల్సిన మాట కానట్టు, తన గది తలుపు మెల్లగా వేసుకుంది.